భారత ఫుట్‌బాల్ జట్టు, మన హైదరాబాద్: తరచుగా అడిగే ప్రశ్నలు

గచ్చిబౌలిలో ఇండియా ఫుట్‌బాల్ మ్యాచ్ పడినా, స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ పేరు వార్తల్లోకి వచ్చినా నాకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు అవే. ఆఫీసులోనూ అడుగుతారు, పెళ్లిళ్లలోనూ అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. కాలాన్ని బట్టి విభజించాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వట్టి కాళ్ల రోజులు (1952 వరకు)

బూట్లు లేవని 1950 వరల్డ్ కప్‌కి మనల్ని రానివ్వలేదట, నిజమేనా?

నిజం కాదు. నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఆ ఏడాది మన క్వాలిఫయింగ్ గ్రూపులో ఉన్న బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఆడకుండానే మనకు బ్రెజిల్ టికెట్ దొరికింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వే ఉన్న గ్రూపులో మన పేరు కూడా పడింది. వెళ్లకూడదని నిర్ణయించుకున్నది మన ఫుట్‌బాల్ సమాఖ్యే. జట్టు ఎంపికలో గొడవలు, ప్రాక్టీసుకు సమయం చాలకపోవడం అప్పట్లో చెప్పిన కారణాలు. ప్రయాణ ఖర్చులో ఎక్కువ భాగం తామే భరిస్తామని బ్రెజిల్ వాళ్లు ముందుకొచ్చారు కాబట్టి డబ్బు ఒక్కటే అడ్డమని కూడా అనలేం.

అసలు కారణం నాకు వేరే కనిపిస్తుంది. ఆ రోజుల్లో మనవాళ్లకు ఒలింపిక్సే పెద్ద పండగ. వరల్డ్ కప్ అంటే ఏమిటో ఎవరికీ సరిగా తెలియదు. బూట్ల కథ తర్వాత పుట్టింది. ఆ తరం కెప్టెన్ శైలేన్ మన్నా స్వయంగా దాన్ని కొట్టిపారేశారు.

మరి నిజంగానే వట్టి కాళ్లతో ఆడేవాళ్లా?

అవును, అది మాత్రం పచ్చి నిజం. 1911లో ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించిన కలకత్తా క్లబ్ మోహన్ బగాన్ జట్టులో బూట్లు వేసుకున్నది ఒక్కడే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడిన మన జట్టులోనూ చాలామంది కాళ్లకు గుడ్డపట్టీలు చుట్టుకునే దిగారు. ఆ మ్యాచ్ 1–2తో పోయింది. మనకు దొరికిన రెండు పెనాల్టీలూ వృథా అయ్యాయి. సారంగపాణి రామన్ కొట్టిన గోల్ ఆ మ్యాచ్‌లో మనకు మిగిలిన తీపి గుర్తు. ఆ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్ నాగాలాండ్‌కు చెందిన వైద్యుడు.

ఈ అలవాటుకు తెరపడింది 1952లో. హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడాక సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

స్వాతంత్ర్యానికి ముందు "ఇండియా జట్టు" అంటూ ఉండేదా?

ఉండేది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 1937లో పుట్టింది. మరుసటి ఏడాదే మన జట్టు ఆస్ట్రేలియా పర్యటనకు వెళ్లింది. ఫిఫాలో సభ్యత్వం 1948లో వచ్చింది.

మనం మొదటిసారి ఏం గెలిచాం?

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఇండోనేషియా మీద 3–0, అఫ్గానిస్తాన్ మీద 3–0, ఫైనల్లో ఇరాన్ మీద 1–0. ఆ గోల్ సాహు మేవాలాల్‌ది. కెప్టెన్ శైలేన్ మన్నా. కోచ్ మాత్రం మన హైదరాబాదీ, సయ్యద్ అబ్దుల్ రహీం.

## రహీం సాబ్ కాలం (1950–1963)

రహీం సాబ్ ఎవరు? సినిమా వచ్చేదాకా ఆ పేరే వినలేదు.

2024లో వచ్చిన హిందీ సినిమా వల్లే చాలామందికి ఆయన తెలిశారు. ఆలస్యమైనా సంతోషమే. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తి బడిపంతులు. ఉస్మానియాలో చదివి, నగరంలోని బడుల్లో పాఠాలు చెబుతూ ఫుట్‌బాల్ నేర్పేవారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, దేశ జట్టుకు ఒకేసారి కోచ్. రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు, ఒక ఒలింపిక్స్ నాలుగో స్థానం ఆయన చేతుల మీదుగా వచ్చాయి. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు.

ఆయన అంత గొప్పగా ఏం నేర్పారు?

పంతులు కాబట్టి పంతులులాగే నేర్పారు. ఒక్కో లోపానికి ఒక్కో అభ్యాసం తయారుచేసేవారు. మన కుర్రాళ్లకు బంతి దొరికితే వదలకుండా డ్రిబ్లింగ్ చేసే సరదా ఎక్కువ. అందుకని డ్రిబ్లింగే చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి. కుడికాలి వాటం వాళ్ల కోసం ఎడమ కాలితోనే తన్నాలనే పోటీలు ఉండేవి. ఇప్పుడు ఏ అకాడమీలో చూసినా ఇలాంటివి కనిపిస్తాయి, కానీ 1940లు, 50ల హైదరాబాద్‌లో ఇది కొత్త.

బయటి దేశాల ఆటను కూడా శ్రద్ధగా చూసేవారు. ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించడం, తర్వాత 4-2-4 పద్ధతిలోకి (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) జట్టును మార్చడం ఆయన చలవే. నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని పతకాలు తేవడం కాదు. ఒళ్లు బలం తక్కువైన జట్టు బుర్రతో, వేగంతో, పాసులతో నెగ్గుకురాగలదని మనవాళ్లకు నమ్మకం కలిగించడం.

హైదరాబాద్ పోలీసులకూ ఫుట్‌బాల్‌కూ ఏం సంబంధం?

ఆ రోజుల్లో మంచి ఆటగాడికి ఉద్యోగం, అన్నం, బూట్లు మూడూ దొరికే చోటు పోలీసు శాఖ. అలా బార్కస్, బొల్లారం, సికింద్రాబాద్ కంటోన్మెంట్ గల్లీల నుంచి వచ్చిన కుర్రాళ్లతో తయారైన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. 1950 డ్యూరండ్ కప్ కూడా మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ రాష్ట్ర జట్టు కూడా 1950ల రెండో సగంలో వరుసగా రెండుసార్లు గెలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్లీ గెలిచింది.

నూర్ మహమ్మద్, అజీజ్, లతీఫ్, మొయినుద్దీన్ లాంటి వాళ్లంతా ఈ నగరం నుంచే దేశ జట్టులోకి వెళ్లారు. నేటి కలకత్తా అభిమానికి ఈ పేర్లు తెలుసు. నేటి హైదరాబాదీకి తెలియదు. ఈ పేజీ రాయడానికి పెద్ద కారణం అదే.

1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం లక్కే కదా? హంగరీ రాలేదు కాబట్టే కదా?

సగం నిజం. సోవియట్ సైన్యం దాడితో హంగరీ తప్పుకుంది. మనం ఆడకుండానే క్వార్టర్ ఫైనల్‌కు చేరాం. కానీ అక్కడ ఎదురైంది సొంతగడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియా. దాన్ని 4–2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి ఆసియా ఆటగాడు అతనే. లక్ అంటారని కాబోలు, ఆ తర్వాత సిడ్నీలో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో అదే ఆస్ట్రేలియాను 7–1తో చిత్తు చేశారు.

సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ కూడా మనదే, మళ్లీ నెవిల్‌దే. నాలుగేళ్ల కిందట పది గోల్స్ తిన్న జట్టు మీదే ఆధిక్యంలోకి వెళ్లామంటే ఆ మధ్యలో ఎంత పని జరిగిందో ఆలోచించండి. చివరికి 1–4తో ఓడాం. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా 3–0తో గెలిచింది.

1962 జకార్తా ఫైనల్ గురించి పెద్దవాళ్లు ఎందుకంత చెబుతారు?

ఆ రోజు మనకు అనుకూలంగా ఉన్నది ఏదీ లేదు కాబట్టి. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. సెనాయన్ స్టేడియం కిక్కిరిసి ఉంది. మన జాతీయగీతం కూడా వినపడనంత గోల. ఎదురుగా దక్షిణ కొరియా. అదే టోర్నీ తొలి మ్యాచ్‌లో మనల్ని 2–0తో ఓడించిన జట్టు.

జట్టు లోపలా కష్టాలే. సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో అంతకుముందు మ్యాచ్‌లకు దూరంగా ఉన్నాడు. కోచ్ రహీంకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. అప్పుడాయన రెండు నిర్ణయాలు తీసుకున్నారు. జర్నైల్‌ను వెనక కాకుండా ముందు, ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. ఫైనల్‌కు తంగరాజ్‌నే గోల్‌లోకి దించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, తల మీద కుట్లున్న జర్నైల్ ఇంకో గోల్. కొరియా ఆఖర్లో ఒకటి కొట్టింది. 2–1, స్వర్ణం మనది. కెప్టెన్ చునీ గోస్వామి. స్టేడియమంతా మనకు ఎదురు నిలిచిన ఆ రోజు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మన పక్షాన కేకలు వేశారని బెనర్జీ తర్వాత చెప్పేవారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క అది.

ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

తులసీదాస్ బలరాం తెలుగువాడేనా?

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టి పెరిగారు. కుటుంబ మూలాలు తమిళనాడువి. కాబట్టి మాతృభాష లెక్కన చూస్తే కాకపోవచ్చు, ఊరి లెక్కన మాత్రం మనవాడే. పేద ఇంటి పిల్లాడిని రహీం సాబ్ గుర్తించి దారిలో పెట్టారు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962 స్వర్ణ జట్టులోనూ ఉన్నారు. గోస్వామి, బెనర్జీ, బలరాం ముగ్గురి పేర్లు కలిపే చెబుతారు. అనారోగ్యంతో చిన్న వయసులోనే ఆట మానేసి బెంగాల్‌లో స్థిరపడ్డారు. 2023 ఫిబ్రవరిలో పోయారు.

## జారిపోయిన కాలం (1963–2004)

అంత బాగా ఆడిన జట్టు ఎందుకు వెనకబడింది?

ఒక్క కారణం చెప్పి ముగించే ప్రశ్న కాదిది. వెంటనే పడిపోలేదు కూడా. 1964 ఆసియా కప్‌లో రన్నరప్ అయ్యాం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చాం. కానీ ఒలింపిక్స్‌కు వెళ్లింది 1960లోనే ఆఖరు.

నా అభిప్రాయంలో మొదటి తప్పు, రహీం సాబ్ పద్ధతిని ఎవరూ పుస్తకంలోకి, శిక్షణ తరగతుల్లోకి ఎక్కించలేదు. ఆయనతో పాటే అది పోయింది. రెండోది, ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడుతుంటే మన దేశంలో చాలాకాలం మ్యాచ్ 70 నిమిషాలే. ఆఖరి ఇరవై నిమిషాల్లో కాళ్లు తేలిపోవడం అందులోంచే వచ్చింది. మూడోది లీగ్. కొరియా 1983లో ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టింది, జపాన్ 1993లో. మనకు దేశమంతటికీ కలిపి ఒక లీగ్ వచ్చింది 1996లో. అప్పటిదాకా ఒక ఊరి కప్పు తర్వాత ఇంకో ఊరి కప్పు. 2015 మార్చికి ఫిఫా ర్యాంకు 173 దాకా పడిపోయింది.

1983 క్రికెట్ వరల్డ్ కప్ గెలవడం వల్లే ఫుట్‌బాల్ చచ్చిపోయిందా?

కాదని నా గట్టి నమ్మకం. కపిల్ జట్టు గెలిచేనాటికే మనం ఒలింపిక్స్‌కు వెళ్లి 23 ఏళ్లు అయింది. క్రికెట్ వల్ల డబ్బు, టీవీ అటు వెళ్లిన మాట నిజమే. కానీ మన ఇల్లు అంతకుముందే కారుతోంది.

రహీం తర్వాత హైదరాబాద్ నుంచి ఎవరూ రాలేదా?

వచ్చారు, అదీ మామూలు వాళ్లు కాదు. 1970 కాంస్య జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. కలకత్తాలో అందరూ "బడే మియా" అని పిలిచే మహమ్మద్ హబీబ్ మనవాడే. 1977లో పెలే ఆడిన అమెరికా క్లబ్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2తో డ్రా చేసుకున్నప్పుడు హబీబ్ గోల్ కొట్టారు. షబ్బీర్ అలీ నాయకత్వంలో 1974లో మన కుర్రాళ్లు ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్నారు. విక్టర్ అమల్‌రాజ్ దేశ జట్టు కెప్టెన్ అయ్యారు. రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం 1960 ఒలింపిక్స్ జట్టులో ఉండి, తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు.

అయితే వీళ్లలో చాలామంది పేరు, డబ్బు సంపాదించుకుంది కలకత్తా క్లబ్బుల్లోనే. ఇక్కడ ఆడే మైదానాలు తగ్గాయి, పోలీసు జట్టు ప్రాభవం తగ్గింది. ఎనభైల తర్వాత ఊట ఆగిపోయింది.

## ఛెత్రీ రోజులు (2005 నుంచి)

సునీల్ ఛెత్రీ హైదరాబాదీ అంటారు, నిజమా?

పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984 ఆగస్టు 3న. తండ్రి సైన్యంలో పనిచేసేవారు కాబట్టి ఊళ్లు మారుతూ పెరిగాడు. ఆట నేర్చుకున్నది ఇక్కడ కాదు. కాబట్టి పుట్టిన ఊరని సంతోషపడదాం, మనమే తయారుచేశామని మాత్రం చెప్పుకోవద్దు.

ఛెత్రీ గోల్స్‌ను మెస్సీ, రొనాల్డో గోల్స్‌తో పోల్చడం సరైనదేనా?

అంకెల పట్టికలో పోల్చవచ్చు, ఎదుర్కొన్న జట్ల విషయంలో పోల్చలేం. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. 2024 జూన్ 6న కలకత్తాలో కువైట్‌తో మ్యాచ్ ఆడి వీడ్కోలు పలికేనాటికి 151 మ్యాచ్‌ల్లో 94 గోల్స్. 2025 మార్చిలో తిరిగొచ్చి మాల్దీవుల మీద 95వది కొట్టాడు. చాలా గోల్స్ చిన్న జట్ల మీదే అన్న విమర్శలో నిజం ఉంది. కానీ పక్కనుంచి సరైన పాసు రాని జట్టులో, ఇరవై ఏళ్లపాటు బరువంతా ఒక్కడే మోయడం మెస్సీకి తెలియని కష్టం.

2018లో ముంబైలో చైనీస్ తైపీ మీద 5–0తో గెలిచిన మ్యాచ్ చూడ్డానికి వచ్చింది రెండున్నర వేల మంది. అప్పుడు అతను వీడియోలో చేతులు జోడించాడు. తిట్టడానికైనా స్టేడియానికి రండని అడిగాడు. తర్వాతి మ్యాచ్‌కు, అతని వందో మ్యాచ్‌కు, టికెట్లన్నీ అమ్ముడుపోయాయి.

మనకు ఈ మధ్య ట్రోఫీలేమీ లేవా?

దక్షిణాసియా దేశాల పోటీ శాఫ్ టైటిల్ తొమ్మిదిసార్లు మనదే, చివరిది 2023లో బెంగళూరులో కువైట్ మీద పెనాల్టీ షూటౌట్‌లో. నెహ్రూ కప్ 2007, 2009, 2012లో గెలిచాం. నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్. గ్రూప్ మ్యాచ్‌లు హైదరాబాద్‌లో జరిగాయి, ఫైనల్ ఢిల్లీకి మారింది. తజికిస్తాన్ మీద 4–1, ఛెత్రీ హ్యాట్రిక్. ఆ గెలుపుతోనే 27 ఏళ్ల తర్వాత, 2011లో, ఆసియా కప్‌లో ఆడగలిగాం.

2024లో ఖతార్ మనల్ని మోసం చేసిందా?

తప్పు రిఫరీది. దోహాలో వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో ఛాంగ్టే గోల్‌తో మనం ముందంజలో ఉన్నాం. బంతి గీత దాటి బయటికి పోయాక దాన్ని లోపలికి లాగి గోల్ కొట్టారు, రిఫరీ ఒప్పేసుకున్నాడు. వీడియో రిఫరీ ఆ మ్యాచ్‌కు లేదు. చివరికి 1–2. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా ఒక మాట చెప్పాలి. అంతకు మూడు నెలల ముందు గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1–2తో ఓడకపోతే దోహాలో అంత టెన్షన్ పడే పనే ఉండేది కాదు.

## ఇప్పుడు: స్టేడియంలో, ఇంట్లో

మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు, జనం కలిసి చప్పట్లు కొడతారే, అదేంటి?

వైకింగ్ క్లాప్. 2016 యూరోలో ఐస్‌లాండ్ అభిమానులతో ప్రపంచమంతా పాకింది. చేతులు పైకెత్తి, ఆగి, అందరూ ఒకేసారి చప్పట్లు కొడతారు, మెల్లగా మొదలై వేగం పెరుగుతుంది. మన దగ్గర ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరిగి, గ్యాలరీ ముందు నిలబడి జనంతో కలిసి చేస్తారు. దీన్ని ముందుండి నడిపే అభిమానుల గుంపు పేరు బ్లూ పిల్‌గ్రిమ్స్. 2017లో మన దేశంలో జరిగిన అండర్-17 వరల్డ్ కప్ సమయంలో పుట్టింది. అరువు తెచ్చుకున్న ఆనవాయితీ అని కొందరు తీసిపారేస్తారు. ఓడిన రోజు కూడా జట్టు వచ్చి జనం ముందు నిలబడుతుంది, నాకు అది చాలు.

హైదరాబాద్‌లో ఇండియా మ్యాచ్‌లు జరుగుతాయా?

జరుగుతాయి. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. మారిషస్‌తో 0–0, సిరియా చేతిలో 0–3. అదే ఏడాది నవంబర్‌లో మలేషియాతో 1–1. ఫలితాలు బాగా లేకపోయినా మైదానం దగ్గర్లో ఉంటే వెళ్లండి. టీవీలో బంతి కనిపిస్తుంది, స్టేడియంలో బంతి లేనివాళ్లు ఎటు పరుగెడుతున్నారో కనిపిస్తుంది. ఆట అర్థమయ్యేది అక్కడే.

మా అబ్బాయి అమెరికాలో పుట్టాడు, బాగా ఆడతాడు. ఇండియాకి ఆడొచ్చా?

భారత పాస్‌పోర్ట్ ఉంటేనే. ఓసీఐ కార్డు సరిపోదు. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. దానికి ముందు ఇక్కడ నివసించాల్సిన కాలం కూడా ఉంటుంది. అసాధ్యమేమీ కాదు. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా అలా ఆడాడు. 2025లో ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదిలి మన పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. కానీ పదిహేనేళ్ల పిల్లాడి విషయంలో ఇది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

అమ్మాయిల జట్టులో మనవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్. 2025 జూలైలో థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2–1తో ఓడించి మన అమ్మాయిలు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్స్ సంగీతా బాస్‌ఫోర్‌వి. మగవాళ్ల జట్టు గురించి ఎంత మాట్లాడుకుంటామో ఇంట్లో అమ్మాయిలకు ఈ కథ కూడా అంతే చెప్పండి.

ఇప్పుడు మగవాళ్ల జట్టు పరిస్థితి ఏంటి?

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ కోచ్ అయ్యారు. సెప్టెంబర్‌లో మధ్య ఆసియా దేశాల కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చారు. ఆశ చిగురించింది. నెల తిరిగేసరికి సింగపూర్ చేతిలో సొంతగడ్డ మీద 1–2తో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం పోగొట్టుకున్నాం. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ కూడా 1–0తో ఓడించింది.

హైదరాబాద్‌కు లీగ్ జట్టు ఉందిగా, అది ఏమైంది?

హైదరాబాద్ ఎఫ్‌సీ 2021–22లో దేశంలోని పెద్ద లీగ్ ఐఎస్ఎల్ గెలిచింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించింది. కోచ్ మనోలో మార్కెజ్ తర్వాత దేశ జట్టుకూ కోచ్ అయ్యారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. దాని కింది స్థాయి లీగ్‌లో ఆడే శ్రీనిధి డెక్కన్ ఇక్కడిదే, వాళ్ల మ్యాచ్‌కు వెళ్లవచ్చు. లేదంటే ఒక సాయంత్రం బార్కస్ వెళ్లండి. పిల్లలు ఇంకా ఆడుతూనే ఉన్నారు.